జరిగినదంతా మళ్లీ చెప్పించడమే మానసిక గాయానికి చికిత్సా?

ప్రశ్న
రాసినవారు: తమ్ముడి_కోసం_అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్లు. తొమ్మిది నెలల క్రితం ఒక రాత్రి అతను నడుపుతున్న కారు ప్రమాదానికి గురై, పక్క సీట్లో కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే చనిపోయాడు. తమ్ముడి ఒంటికి తగిలిన దెబ్బలు రెండు నెలల్లో మానిపోయాయి. మనిషి మాత్రం ఆ రాత్రి నుంచి బయటికి రాలేదు. కారు ఎక్కడు, ఆ దారి వైపు వెళ్లడు, రాత్రిపూట ఏ వాహనం వెలుగైనా కిటికీలోంచి గోడ మీద పడితే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. "పది నిమిషాలు ఆగి బయలుదేరి ఉంటే వాడు బతికేవాడు" అన్న ఒక్క మాట తప్ప ఆ రోజు గురించి మాతో ఏమీ మాట్లాడడు.

మూడు నెలల క్రితం ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాం. మొదటి రోజే, పరిచయం కూడా సరిగా కాకముందే, జరిగినదంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పమన్నారట. చెప్పాడు. ఆ తర్వాత వారం రోజులు అన్నం సరిగా తినలేదు, పీడకలలు రెట్టింపయ్యాయి. రెండోసారి వెళ్లడానికి ససేమిరా ఒప్పుకోలేదు. మనసులో ఉన్నదంతా బయటపెడితేనే బరువు దిగుతుందని కొందరు అంటున్నారు. మానుతున్న పుండును కెలకవద్దని మా అమ్మ అంటోంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నట్టే కనిపించి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. జరిగినదాన్ని చెప్పించకుండా నయం చేసే పద్ధతులు ఉన్నాయా? ఈఎండీఆర్, ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ థెరపీ అని చదువుతున్నాను. వీటి మధ్య తేడా ఏమిటో, తమ్ముడి లాంటివారికి ఏది సరిపోతుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1
రాసినవారు: మనోచికిత్స_వృత్తిలో

నమస్కారం. చాలా ఏళ్లుగా మానసిక గాయాలతో వచ్చేవారికి చికిత్స చేస్తున్నాను. మీ తమ్ముడిని చూడకుండా రోగనిర్ధారణ చేయడం సరికాదు. మీరు రాసిన లక్షణాలు మాత్రం పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అని మేము పిలిచే స్థితికి చాలా దగ్గరగా ఉన్నాయి: వద్దన్నా తిరిగి వచ్చే జ్ఞాపకాలు, పీడకలలు, ఆ సంఘటనను గుర్తుచేసే వాటిని తప్పించుకోవడం, తనను తాను నిందించుకోవడం, శరీరం ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం. ఇవి నెల రోజులకు మించి కొనసాగి, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తుంటే ఈ నిర్ధారణ గురించి ఆలోచిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి ఘోర సంఘటనను ఎదుర్కొనేవారు దాదాపు 70 శాతం మంది కాగా, వారిలో పీటీఎస్‌డీ వచ్చేవారు 5.6 శాతం మాత్రమే. ఎక్కువ మంది కాలంతో పాటు, అయినవారి అండతో కోలుకుంటారు. తొమ్మిది నెలలు గడిచినా కోలుకోనివారి విషయంలో ఇంకా ఎదురుచూడటం మంచిది కాదు, చికిత్స అవసరమే.

మీ అసలు ప్రశ్న చెప్పించడం గురించి. ఈ విషయంలో మా వృత్తిలోనే ఒక పెద్ద పొరపాటు జరిగింది. 1980ల నుంచి, ఘోరమైన సంఘటన జరిగిన కొద్ది రోజులకే బాధితులను కూర్చోబెట్టి, చూసినదీ అనుభవించినదీ ఒక్క విడతలో చెప్పించే 'డీబ్రీఫింగ్' అనే పద్ధతి చాలా దేశాల్లో వ్యాపించింది. లోపల ఉన్నది బయటికి వస్తే జబ్బు రాదని అందరూ నమ్మారు. తర్వాత నిదానంగా పరీక్షించి చూసినప్పుడు ఆ నమ్మకం నిలబడలేదు. కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవారి మీద జరిగిన ఒక అధ్యయనం 1997లో వెలువడింది. పదమూడు నెలల తర్వాత చూస్తే, డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ ఉండగా, పొందనివారిలో 9 శాతం మందికే ఉంది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు గానీ, తర్వాతి సమీక్షలు కూడా ఆ ఒక్క విడత చెప్పించడం వల్ల మేలు కనిపించలేదనే తేల్చాయి. అందుకే ఇప్పుడు ప్రధాన మార్గదర్శకాలేవీ దాన్ని సిఫారసు చేయవు. మీ తమ్ముడికి మొదటి రోజు జరిగినది అచ్చంగా డీబ్రీఫింగ్ కాకపోయినా, దాని వెనుక ఉన్నది అదే నమ్మకం. అతను తట్టుకోలేకపోవడం అతని బలహీనత కాదు. ఈ మాట అతనికి తప్పకుండా చెప్పండి.

ఇక చికిత్సలో భాగంగా జ్ఞాపకాన్ని తాకడం వేరే పని. మామూలు జ్ఞాపకానికి మొదలు, మధ్య, ముగింపు ఉంటాయి. అది గతమని మనసుకు తెలుసు. ప్రాణభయంలో ముద్రపడిన జ్ఞాపకం అలా ఒక వరుసలో అమరదు. ఒక వెలుగు, ఒక చప్పుడు, ఒక వాసన వంటి ముక్కలుగా మిగిలిపోయి, వాటిలో ఏ ఒక్కదాన్ని పోలినది ఎదురైనా ప్రమాదం ఇప్పుడే జరుగుతున్నట్టు శరీరం స్పందిస్తుంది. గోడ మీద వెలుగు పడగానే మీ తమ్ముడు లేచి నిలబడటం ఇదే. దాన్ని తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి ఉపశమనం దొరుకుతుంది గానీ, ఆ వెలుగు ప్రమాదకరం కాదని తెలుసుకునే అవకాశం పోతుంది. చికిత్స చేసే పని ఆ ముక్కలను ఒకచోట చేర్చి, వాటికి కాలమూ అర్థమూ కల్పించడం. అందుకు భద్రత కావాలి, సిద్ధపాటు కావాలి, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే హక్కు బాధితుడి చేతిలో ఉండాలి. అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో చికిత్సను మూడు దశలుగా వివరించారు: మొదట భద్రత, తర్వాత జరిగినదాన్ని స్మరించి దుఃఖించడం, ఆ తర్వాత తిరిగి జీవితంతో కలవడం. ఒకే సంఘటన వల్ల గాయపడినవారికి మొదటి దశ నెలల తరబడి సాగనవసరం లేదని ఇప్పుడు చాలామంది భావిస్తారు, నేనూ అలాగే చూశాను. కానీ ఆ దశ అసలే లేకుండా రెండోదానిలోకి దూకితే ఏమవుతుందో మీరు ఇంట్లో చూశారు.

మీ తమ్ముడు అంటున్న "పది నిమిషాలు" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. అతన్ని పట్టుకున్నది భయం కంటే అపరాధ భావం కావచ్చు. అలాంటివారి విషయంలో నాకు మొదట గుర్తుకు వచ్చేది కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ. ప్యాట్రీషియా రెసిక్, ఆమె సహచరులు దీన్ని మొదట లైంగిక దాడికి గురైన స్త్రీల కోసం రూపొందించారు. సాధారణంగా 12 సెషన్లు ఉంటుంది. సంఘటన తర్వాత మనసులో గడ్డకట్టి కదలని నమ్మకాలను వెతికి పట్టుకుని, వాటిని కాగితం మీద పెట్టి, ఒక్కొక్కదాన్నీ ప్రశ్నించడం దీని పద్ధతి. ఆ పది నిమిషాల గురించి బయలుదేరేటప్పుడు అతనికి ఏం తెలుసు? తర్వాత తెలిసినదాన్ని ముందే తెలిసినట్టుగా భావించి తీర్పు చెప్పుకుంటున్నాడా? జరగరానిది జరగడానికి కారణం కావడం, దాన్ని కోరి చేయడం ఒకటేనా? అజాగ్రత్తా, నేరమూ, అనుకోని దుర్ఘటనా ఈ మూడింటి మధ్య గీతలు ఎక్కడున్నాయి? థెరపిస్టు "నీ తప్పేమీ లేదు" అని ఓదార్చరు. అలా మీరందరూ ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు, అతను నమ్మి ఉండడు. ప్రశ్నలకు జవాబు అతనే వెతుక్కోవాలి. ఒకవేళ అతని నిర్లక్ష్యం కొంత నిజంగానే ఉందని తేలితే, ఎంత ఉందో అంతే మోయడం నేర్చుకోవాలి, మొత్తం మరణాన్ని కాదు.

మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన విషయం ఒకటుంది. ఈ చికిత్సలో మొదట్లో సంఘటనను వివరంగా రాసుకుని చదివే భాగం ఉండేది. ఆ భాగం లేకుండా నమ్మకాల మీద మాత్రమే పనిచేస్తే ఏమవుతుందని రెసిక్ బృందం పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. అది లేకపోయినా చికిత్స తీసిపోలేదు. అందువల్ల ఇప్పుడు ఆ రాతను ఐచ్ఛికంగా ఉంచుతున్నారు. అంటే, సంఘటన గురించి ఏమీ మాట్లాడకుండా కాదు గానీ, ప్రతి దృశ్యాన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పకుండానే కోలుకునే దారి ఉంది.

జవాబు 2
రాసినవారు: మంటల_నుంచి_బయటికి

పైన రాసినవారి మాటతో ఏకీభవిస్తూనే, రెండోవైపు కూడా చెప్పాలనిపించింది. ఆరేళ్ల క్రితం నేను పనిచేసే భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. నేను బయటపడ్డాను, నా వెనుక ఉన్న ఇద్దరు బయటపడలేదు. ఏడాదిన్నర పాటు లిఫ్టు ఎక్కలేదు, తలుపు మూసిన గదిలో కూర్చోలేదు, పొగ వాసన తగిలితే మెట్ల వైపు పరుగెత్తేవాణ్ని. నాకు చేసిన చికిత్స ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. అంటే తప్పించుకుంటున్నవాటిని మెల్లమెల్లగా ఎదుర్కోవడం; మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతి అని తర్వాత తెలిసింది. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కొక్కటి గంటన్నర. నాకు పదకొండు పట్టాయి.

మొదటి రెండు సెషన్లలో మంటల ఊసే ఎత్తలేదు. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పారు, నా లక్షణాలు ఎందుకు వస్తున్నాయో వివరించారు, నేను తప్పించుకుంటున్నవాటి జాబితా రాయించి ప్రతిదానికీ 0 నుంచి 100 వరకు ఎంత భయమో అంకె వేయించారు. తలుపు మూసిన గదికి 40 వేశాను, లిఫ్టుకు 75, ఆ భవనం ముందు నిలబడటానికి 100. మూడో సెషన్‌లో మాత్రమే కళ్లు మూసుకుని, వర్తమాన కాలంలో, ఆ రోజు గురించి చెప్పమన్నారు. ఎప్పుడు ఆగాలన్నా చేయి ఎత్తితే చాలన్నారు. నేను రెండుసార్లు ఎత్తాను. థెరపిస్టు ఆగారు. ఆగుతారని తెలిసిన తర్వాతే నాకు చెప్పగలిగే ధైర్యం వచ్చింది. ఆ మాటలు రికార్డు చేసి, ఇంటి దగ్గర రోజూ వినమన్నారు. మొదటి వారం నరకంగా గడిచింది, దాచడం ఎందుకు. పీడకలలు నాకూ పెరిగాయి. కానీ అవి పెరగవచ్చని ఆయన ముందే చెప్పి ఉంచారు, మధ్యలో ఫోను చేసి కనుక్కున్నారు. నాలుగో వారానికి అదే రికార్డింగు వింటూ నేను అంతకుముందు గమనించని ఒక సంగతి గమనించాను: వెనక్కి తిరిగి చూసినప్పుడు అప్పటికే పొగ తలుపు దాకా కమ్మేసింది. నేను ఆగి ఉన్నా వాళ్లను చేరుకోలేకపోయేవాణ్ని. ఏడాదిన్నర పాటు ఆ ముక్క నా జ్ఞాపకంలో ఉంటూనే నాకు కనబడలేదు.

కాబట్టి చెప్పడం వల్ల మీ తమ్ముడికి హాని జరిగిందని ముద్ర వేసి ఆ తలుపు పూర్తిగా మూసేయకండి. అతను ఎవరి దగ్గర, ఏ సిద్ధపాటుతో, ఎన్నిసార్లు చెప్పాడన్నది తేడా చేస్తుంది. ఒక్కసారి చెప్పించి ఇంటికి పంపేస్తే గాయాన్ని తెరిచి కట్టు కట్టకుండా వదిలినట్టే.

జవాబు 3
రాసినవారు: పాఠకుడు_ప్రశ్నించేవాడు

ఈఎండీఆర్ గురించి, అంటే కళ్ల కదలికలతో చేసే చికిత్స గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఫ్రాన్సిన్ షాపిరో 1987లో తన కళ్లు అటూ ఇటూ కదులుతున్నప్పుడు బాధాకరమైన ఆలోచనల తీవ్రత తగ్గడం గమనించి దీన్ని అభివృద్ధి చేశారు, 1989లో తొలి అధ్యయనం ప్రచురించారు. బాధితుడు ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరిస్తాడు; మధ్యమధ్య ఆపి ఏం తోచిందో క్లుప్తంగా చెబుతాడు. వివరంగా కథనం చెప్పనవసరం లేదు, ఇంటి దగ్గర చేయవలసిన పని కూడా తక్కువ. మాటల్లో పెట్టడం దుర్భరంగా ఉన్నవారికి ఇది తేలికగా అనిపించడం సహజం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మానసిక గాయం (ట్రామా) మీద కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో (ఆలోచనల, ప్రవర్తనల మీద పనిచేసే చికిత్సతో) పాటు దీన్ని కూడా సూచించాయి.

నాకున్న సందేహం కూడా చెప్పాలి. కళ్ల కదలికే నయం చేస్తోందా, లేక భద్రమైన చోట జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం నయం చేస్తోందా అన్నది పరిశోధకుల మధ్య ఇప్పటికీ వాదనగానే ఉంది. జ్ఞాపకాన్ని తలుచుకుంటూనే మరో పనిమీద దృష్టి పెడితే ఆ జ్ఞాపకం స్పష్టత తగ్గుతుందన్న వివరణ ఒకటి ఉంది, అది నాకు సబబుగా తోస్తుంది. ఈఎండీఆర్ మెదడులోని రెండు భాగాలను కలిపేస్తుందని ప్రచారం చేసేవారి మాటలను మాత్రం అంత తేలికగా నమ్మవద్దు. అలాగే ఒకే వారాంతంలో గతమంతా కడిగేస్తామనేవారికి, మరుగునపడిన జ్ఞాపకాలను హిప్నాసిస్‌తో వెలికితీస్తామనేవారికి దూరంగా ఉండండి. అలా వెలికితీసినవాటిలో జరగనివి కూడా కలిసిపోయిన ఉదంతాలు 1990లలో ఎన్నో కుటుంబాలను ఛిద్రం చేశాయి.

జవాబు 4
రాసినవారు: సైకియాట్రీ_వైద్యురాలు

మందుల గురించి నాలుగు మాటలు. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటి మందులు కొందరికి లక్షణాలను తగ్గిస్తాయి. థెరపీ అందుబాటులో లేనప్పుడు, తీవ్రమైన డిప్రెషన్ తోడైనప్పుడు, లేదా బాధితుడే వాటిని కోరినప్పుడు వాడతాం. ప్రభావం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, వైద్యులను అడగకుండా హఠాత్తుగా ఆపకూడదు. నిద్ర కోసం అల్‌ప్రజోలం, క్లోనజెపామ్ వంటి బెంజోడయజెపైన్ మాత్రలను ఎవరో ఇచ్చారని వాడటం మాత్రం వద్దు. అవి ఆ రాత్రికి నిద్ర పట్టిస్తాయి గానీ పీటీఎస్‌డీని నయం చేయవు, అలవాటుగా మారతాయి. నిద్ర కోసం మద్యం తాగుతున్నాడేమో కూడా గమనించండి.

మరొక విషయం. అపరాధ భావం ఇంత బలంగా ఉన్నవారిని, చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కుటుంబాలు భయపడతాయి. అలా జరగదు, అడిగినందుకు చాలామంది తేలికపడతారు. అవునని చెబితే ఒంటరిగా వదలకుండా, ఆ రోజే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

తిరిగి రాసినవారు: తమ్ముడి_కోసం_అక్క

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వైద్యురాలు గారు చెప్పినట్టు నిన్న రాత్రి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "చావాలని లేదు అక్కా, వాడు లేకుండా నేను మాత్రం ఎందుకు మామూలుగా ఉండాలి అనిపిస్తుంది" అన్నాడు. తొమ్మిది నెలల్లో నాతో అన్న అతి పెద్ద మాట అదే. జవాబు 2లో ఉన్నది చదివి వినిపించాను. చేయి ఎత్తితే ఆగారన్న చోట, మళ్లీ చదవమన్నాడు. ఇంకొకరి దగ్గరికి వెళ్దామా అంటే వద్దనలేదు.

ఇప్పుడు రెండు సందేహాలున్నాయి. కొత్త థెరపిస్టును కలిసినప్పుడు ముందుగా ఏం అడగాలి? ఇంట్లో మేము ఎలా ఉండాలి? అతను ఇబ్బంది పడకూడదని సాయంత్రం కాగానే కిటికీలన్నీ మూసి మందమైన తెరలు వేస్తున్నాం, కారు అమ్మేశాం, ఆ స్నేహితుడి ఫొటోలు తీసేశాం. తప్పు చేస్తున్నామా?

జవాబు 5
రాసినవారు: మనోచికిత్స_వృత్తిలో

అతను చెప్పిన మాట విని నాకు ఆశ కలిగింది. ఆ మాటను అలాగే, మార్చకుండా, కొత్త థెరపిస్టు దగ్గర చెప్పమనండి. చికిత్స అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

మొదటి సమావేశంలో మొహమాటపడకుండా అడగండి: పీటీఎస్‌డీకి మీరు ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, దానిలో ప్రత్యేక శిక్షణ పొందారా, సుమారుగా ఎన్ని సెషన్లు పట్టవచ్చు, మెరుగవుతున్నాడో లేదో ఎలా కొలుస్తారు, మధ్యలో బాధ ఎక్కువైతే ఏం చేస్తారు. శిక్షణ ఉన్నవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. పాత కౌన్సెలర్ దగ్గర జరిగినదాన్ని కూడా ముందే చెప్పండి, వేగాన్ని దానికి తగ్గట్టు నిర్ణయిస్తారు. ఒక పద్ధతి కుదరకపోతే మరొకటి ఉంది. వర్తమాన సమస్యల మీదే దృష్టి పెట్టి, గతాన్ని నేరుగా తాకని ప్రెజెంట్ సెంటర్డ్ థెరపీ కూడా ఉంది. పై పద్ధతులతో పోలిస్తే దీన్ని మధ్యలో మానేసేవారు తక్కువ.

ఇంటి సంగతికి వస్తే, మీరు చేసినదంతా ప్రేమతో చేసినదే. తప్పు అనను. అయితే కుటుంబమంతా కలిసి తప్పించుకోవడం మొదలుపెడితే, బయట ప్రమాదం నిజంగా పొంచి ఉందని అతనికి రుజువు దొరికినట్టవుతుంది. అలాగని ఒక్కసారిగా తెరలు తీసేసి పరీక్ష పెట్టవద్దు. ఏ తెర ఎప్పుడు తీయాలో అతనూ థెరపిస్టూ కలిసి నిర్ణయిస్తారు. అప్పటివరకు కొత్తగా మరేదీ మూయకుండా ఉంటే చాలు. అతను ఉలిక్కిపడినప్పుడు "ఏమీ లేదు, భయపడకు" అనే బదులు, తను ఎక్కడున్నాడో, ఈ రోజు ఏ తేదీయో, పక్కన ఎవరున్నారో నెమ్మదైన గొంతుతో చెప్పండి. పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. మనసును ఆ రాత్రి నుంచి ఈ గదిలోకి తేవడానికి అది ఉపయోగపడుతుంది.

ఫొటోల విషయం మాత్రం వేరు. అతను ఒక స్నేహితుణ్ని పోగొట్టుకున్నాడు. భయం, అపరాధ భావం అడ్డుపడి ఇంతవరకు ఆ దుఃఖానికి చోటు దొరికి ఉండదు. ఫొటోలు ఎక్కడ దాచారో అతనికి చెప్పండి. తీయాలో వద్దో, ఎప్పుడు తీయాలో అతనికే వదిలేయండి. ఆ స్నేహితుడు ఎలాంటివాడు, ఇద్దరికీ పరిచయం ఎలా అయింది, దేనికి ఎక్కువగా నవ్వేవాడు అని ఎప్పుడైనా అడగవచ్చు. చావు గురించి కాకుండా ఆ మనిషి గురించి అడిగితే, గదిలోకి వెళ్లి తలుపు వేసుకోకుండా కూర్చుని మాట్లాడినవారిని నేను చాలామందిని చూశాను.